గొంగడి మీద పది నిమిషాలు

మా వార్డు ఆయమ్మ పోయింది. మొన్న సోమవారం పొద్దున డ్యూటీకి రాకపోతే ఫోన్ చేశాను. కూతురు ఎత్తి, అమ్మ నిద్రలోనే పోయిందని చెప్పింది.

నల్లగొండలో ఒక దవాఖానలో నేను నర్సును. రోగులను లేపడం, తిప్పడం, మంచం మార్చడం, రోజంతా ఇదే పని. నడుము నొప్పి లేని ఆడమనిషి మా వార్డులో ఉంటే చూడాలని ఉంది. అయినా నలుగురి ముందు ఎవరమూ నడుము పట్టుకోం. చేతకావడం లేదంటే పనిలోంచి తీసేస్తారని భయం.

ఆయమ్మది తిరుమలగిరి దగ్గర పల్లె, గొర్రెలు కాచే ఇల్లు. ఒక రోజు ఇంటి నుంచి పాత గొంగడి తెచ్చి దుప్పట్లు దాచే గదిలో పరిచింది. మధ్యాహ్నం తిన్నాక ఆమె, నేను, వార్డు ఊడ్చే అక్క తలా పది నిమిషాలు దాని మీద నడుము వాల్చాలి. వంతులు ఆమే చెప్పేది. పదకొండో నిమిషం వస్తే తలుపు టకటకా కొట్టేది. పెద్ద డాక్టరుకు కూడా మేము అంత భయపడలేదు.

నా కాన్పు తర్వాత మళ్లీ డ్యూటీలో చేరిన రోజులవి. మంచం మీంచి జారిపోతున్న ఒక ముసలాయనను ఒక్కదాన్నే ఎత్తాను. అంతే, వంగిన నడుము మళ్లీ లేవలేదు. ఆయమ్మ పరుగెత్తుకొచ్చి ఆయన్ను సర్ది, నన్ను పట్టుకుని గదిలోకి తీసుకెళ్లింది.

"ఒక్కదానివే ఎందుకు లేపినవ్ బిడ్డా? నేను సచ్చిననుకున్నవా?"

ఉద్యోగం పోతుందని ఏడ్చాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. నెల రోజులు నాకు ఇరవై నిమిషాలిచ్చింది. మరి నీ వంతు ఎప్పుడని అడిగితే, "నాది పొద్దుగాలనే అయిపోయింది, నువ్వు పండు" అనేది. నమ్మాను. నమ్మితే నాకు సుఖం కదా.

వంగే ముందు ఆయమ్మ మంచం ఇనుప కడ్డీ పట్టుకుని ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చేది. కొంగు కింద పాత చీర పేలికతో నడుము బిగించి కట్టేది. అదంతా ఆమె అలవాటే అనుకున్నాను. పదిమందికి మందులిచ్చే నాకు అంతకు మించి తోచలేదు.

చివరి చూపుకు వెళ్లినప్పుడు వాకిట్లో మా వార్డు ఊడ్చే అక్క నా పక్కనే కూర్చుంది. ఆయమ్మ రోజూ పొద్దున్నే పడుకునేదట కదా అన్నాను. అక్క నా ముఖంలోకి చూసింది.

"నాకేమో నువ్వు డ్యూటీ దిగినంక పండుతనని చెప్పేది సిస్టరమ్మా."

ఆమె కూతురు విని, రెండేళ్లుగా అమ్మ కింద కూర్చోలేక నిలబడే తినేదని చెప్పింది. నాకు కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపమేమిటంటారేమో. ఆమె మీద కొంచెం, నా మీద చాలా. ఈ రోజు నేను నిటారుగా నిలబడి పని చేసుకుంటున్నానంటే అది ఆమె వదులుకున్న వంతుల పుణ్యమే.

మర్నాడు డ్యూటీలో తిన్నాక ఇద్దరం దుప్పట్ల గదిలోకి వెళ్లాం. చుట్టి పెట్టిన గొంగడిని అక్క పరిచింది. నన్ను పడుకోమంటుందనుకున్నాను.

"గీ వంతు ఆయమ్మది," అంది.

తలుపు దగ్గరగా వేసి, గొంగడికి చెరోవైపు గోడకు ఆనుకుని కూర్చున్నాం. పది నిమిషాలు దాటాయి. తలుపు ఎవరూ కొట్టలేదు.