ఆదివారం పులుసులో ఉప్పు

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశాను అని నేనంటాను గాని, బడే నన్ను మానేసిందని మా అమ్మ అనేది. చదువుకుని ఉంటే కలెక్టరువి అయ్యేవాడివిరా అని చాలాకాలం బాధపడింది కూడా. చివరికి నేను కలెక్టరు కాయ అనే మామిడికాయను ఉప్పూ కారం అద్దుకుని తినే దాకా మాత్రమే రాగలిగాను. ఆ కాయ కూడా ఒకసారి నన్ను నలుగురిలో ఫెయిలు చేయబోయింది.

అప్పట్లో ఆమదాలవలస స్టేషను బయట ఆటో నడిపేవాణ్ణి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి గాని, భోజనం ఎక్కడ బాగుంటుందో చెప్పే తెలివి వాటికి మా వైపు ఇంకా రాలేదు. రైలు దిగినవాళ్ళు నన్నే అడిగేవారు. ప్రపంచంలో నాకు జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే. అది కూడా తప్పు చెప్పకూడదని, ఖాళీ దొరికినప్పుడల్లా తీరం వెంబడి తిని చూసేవాణ్ణి. విజయనగరం వైపు చింతపల్లి తీరంలో, చేపను పడవ దగ్గర మనమే కొని తీసుకెళితే ఎదురింటివాళ్ళు వండిపెట్టేవారు. ఇటు ఇచ్ఛాపురం చేరేసరికి ఇడ్లీ పక్కన చట్నీకి బదులు బఠాణీల గుగ్ని పడేది. ఆ గుగ్ని సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో తెలుసుకుందామని సోంపేట నుంచి ప్రతి టిఫిను బండి దగ్గరా ఆగుతూ పోయాను. నాలుగో బండి దగ్గర తెలిసింది. కడుపులో చోటు మాత్రం మూడో బండి దగ్గరే అయిపోయింది.

ఇన్ని తిన్నాక నాకొక పద్ధతి ఏర్పడింది. బోర్డు చూడను, జనాన్ని చూడను. వండిన మనిషి మధ్యాహ్నం ఏం తింటుందో చూస్తాను. తను వండిందే తను తింటుంటే నేనూ కూర్చుంటాను.

ఆ పద్ధతి కళింగపట్నంలో ఆగిపోయింది. అక్కడ సముద్రానికి ఎదురుగా ఒకావిడ కొత్తగా పాక వేసి, నాలుగు బల్లలు పెట్టి భోజనం పెడుతోంది. వాళ్ళాయన మా ఊరివాడే, నాకు అన్న వరస, అందుకని వదినా అని పిలిచేవాణ్ణి. కోనాం చేపతో ఆవిడ చేసే పులుసు తిన్నవాడు చెయ్యి కడుక్కోవడానికి ఇష్టపడడు. అలాంటిది ఒక ఆదివారం చూస్తే, పొయ్యి మీద పులుసు ఉడుకుతుండగా ఆవిడ ఒక మూల కూర్చుని పెరుగన్నం తింటోంది.

"ఏటి వదినా, నీ పులుసు మీద నీకే నమ్మకం నేదా?" అన్నాను.

"నమ్మకం ఉన్నాది. ఇయాల ఆదివారం కదా. కళ్ళు బాగులేనప్పుడు అరసవల్లి సామికి మొక్కుకున్నాను. ఆదివారం నీసు నోట పెట్టను."

"మరి ఉప్పు ఎలగ తెలస్తాది?"

"మా అత్త సూస్తాది."

అప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. వారంలో ఎక్కువ మంది వచ్చేది ఆదివారమే, ఆ ఒక్క రోజే ఆవిడ రుచి చూడదు. అత్తగారు లేని ఆదివారం ఏమవుతుంది?

ఏమవుతుందో తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఎండలు మొదలైన రోజులు. ఒక ఆదివారం గరివిడి నుంచి పదిమంది రైల్లో వచ్చారు. వాళ్ళలో పెద్దాయన మరుసటి నెలలో ఉద్యోగం నుంచి రిటైరవుతున్నాడు. ఆ సందర్భంగా మరో ఆదివారం యాభైమందికి భోజనం ఎక్కడ పెట్టించాలో తిని చూసి తేల్చుకుందామని వచ్చారు. వాళ్ళు ముందుగా ఫోన్లో అడిగినప్పుడే నేను వదిన పేరు చెప్పి, ముందు రోజే ఆవిడకు కబురు చేశాను. పాక వేసి ఆరు నెలలు కాలేదు. వీళ్ళకు నచ్చితే పేరు గరివిడి దాకా వెళుతుంది. నచ్చకపోయినా వెళుతుంది.

రెండు ఆటోల్లో బయలుదేరాం. అరసవల్లి మలుపులో వాళ్ళు కొబ్బరిబొండాలకు ఆగారు. నేను పక్కబండి దగ్గర కలెక్టరు కాయ కోయించుకున్నాను. ఒకటి తిన్నాను. నోరు ఊరుకోక ఇంకొకటి. బండివాడు చల్లిన ఉప్పూ కారం చాలక నేనే ఇంకా అద్దుకున్నాను.

పాక చేరేసరికి వదిన గరిటె పట్టుకుని ఎదురొచ్చింది.

"మా అత్త కూతురింటికి ఎల్లిపోనాది మరిదీ. ఉప్పు నువ్వే సూడాల."

జన్మలో ఎవరూ నన్ను పరీక్ష దిద్దమని అడగలేదు. అరచేతిలో పోయించుకుని, కళ్ళు మూసుకుని మరీ నాకాను.

"సప్పగున్నాది వదినా."

"నిజమేనేటి? రోజూ ఏసినంతే ఏసినాను."

"ఇచ్ఛాపురం దాకా తిరిగిన నాలిక ఇది. దీన్నే అనుమానిస్తావా?"

గుప్పెడు వేసింది. మళ్ళీ నాకాను. "ఇంకొంచెం పడాల," అన్నాను. ఇంకొంచెం పడింది. మూడోసారి చెయ్యి చాపితే ఆవిడ పోయలేదు, నా మూతి వంక చూస్తోంది.

"మరిదీ, ఆ మూతి సుట్టూ ఎర్రగా ఏటది?"

తుడుచుకుంటే చేతికి ఉప్పూ కారం గరగరలాడింది.

"మావిడికాయ తిన్నావా?"

"రెండు."

తిట్టలేదు. బల్లల ముందు విస్తళ్ళు వేసుకుని కూర్చున్న పదిమందినీ ఒకసారి చూసి, "ఈల్లని అర్ధగంట ఎటైనా తీసుకుపో," అంది.

"మా వైపు ఒక ఆచారం ఉందండీ. వంశధార సముద్రంలో కలిసే చోటు చూసొచ్చాకే పులుసు ముట్టాలి," అని వాళ్ళను లేపాను.

"ఎవరు పెట్టినారు ఈ ఆచారం?" అన్నాడు పెద్దాయన.

"మా పూర్వీకులండీ."

"ఆల్లకి ఆకలి ఉండేది కాదేటి?"

నదీ సముద్రమూ కలిసే చోటు ఎంత బాగుంటుందో ఆ రోజు నాకు తెలియలేదు. నా చూపంతా పాక మీద లేచే పొగ మీదే ఉంది. తిరిగొచ్చేసరికి వదిన పులుసులో పలచటి చింతపండు నీళ్ళు పోసి, దొరికిన వంకాయలన్నీ చీల్చి పడేసి ఉడికించింది. ఉప్పు దిగిందో లేదో ఆవిడ చూడలేదు. నన్ను చూడమని ఎలాగూ అడగలేదు. వడ్డించి గుంజ పక్కన నిలబడింది. నేను రెండో గుంజ పక్కన. ఇద్దరం పెద్దాయన చేతినే చూస్తున్నాం.

ఆయన మొదటి ముద్ద మింగి ఆగాడు. చేపముక్కను పక్కకు నెట్టి వంకాయ తీసుకున్నాడు. అది తిని ఇంకొకటి వెతుక్కున్నాడు.

"సేపల పులుసులో వంకాయ వెయ్యమని ఎవరు సెప్పినారమ్మా?"

వదిన నా వైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను.

"ఆ రోజుక్కూడా ఇదే రుచి రావాల. ముక్క తగ్గినా పరవానేదు, వంకాయ తగ్గకూడదు," అన్నాడాయన.

గిన్నె అడుగు కూడా మిగల్చలేదు వాళ్ళు. అలా, ఆ రుచి ఏమిటో వండినావిడకూ తెలియలేదు, ఉప్పు చూసినవాడికీ తెలియలేదు.

యాభైమంది వచ్చే ఆదివారం పొద్దున్నే పాకకు వెళ్ళాను. పొయ్యి పక్కన పీట మీద అత్తగారు కూర్చుని ఉంది. అరచేయి అప్పటికే చాపింది.

"అయితే నా ఉద్దోగం పోయినట్టేనా వదినా?" అన్నాను.

వదిన గిన్నె కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "ఏల పోతాది? మొన్నటి రుచే కావాలన్నారు కదా. బేగెల్లి రెండు మావిడికాయలు తినేసి రా."