టార్చమ్మ చెప్పిన ముగింపులు

సినిమా హాల్లో చీకట్లో సీట్లు చూపించే ఆవిడని అందరూ టార్చమ్మ అనేవారు. కన్నతల్లి పెట్టిన పేరు ఆ చీకట్లోనే కలిసిపోయింది. నోరు పెద్దది, మనసు వెన్న.

బుకింగులో కూర్చునే ఆవిడ ఆమెకి ప్రాణస్నేహితురాలు. వరసా వావీ లేకపోయినా వదినా అంటే వదినా అని పిలుచుకుంటూ, దెప్పుకుంటూ బతికారు. బుకింగావిడకి సినిమాలంటే పిచ్చి, చూసే యోగం మాత్రం లేదు. ఒక ఆటకి తలుపులు మూసేసరికి రెండో ఆట జనం కిటికీ ముందు చేరేవారు. గోడవతల పాట వినిపించేది, బొమ్మ కనిపించేది కాదు. పెళ్ళివారింటి పక్కన పస్తున్నట్టే. అందుకని ఇంటర్వెల్లో టార్చమ్మ వెళ్ళి, స్టూలు లాక్కుని కథ మొత్తం చెప్పేది.

ఉన్నదున్నట్టు చెబితే ఆవిడ టార్చమ్మ ఎందుకవుతుంది? సినిమావాళ్ళ సంగతి ఆమెకి కంఠతా వచ్చు. ఆడది ఉద్యోగానికి గడప దాటిందంటే ఇంట్లో పాలు పొంగిపోవాలి, పిల్లకి జ్వరం రావాలి. ఇద్దరు స్నేహితురాళ్ళు నవ్వుకుంటూ కనిపించారంటే ఇంటర్వెల్ తరవాత ఒక మగాడి కోసం జుట్లు పట్టుకోవాలి. వాడా, అద్దం ముందు తల దువ్వుకోవడం తప్ప ఇంకో పని ఎరగడు. చిట్టచివర ఆవిడ ఉద్యోగం మానుకుని తలొంచుకుంటే హాలంతా చప్పట్లు. టార్చమ్మకి ఒళ్ళు మండేది. అందుకే కిటికీ దగ్గరికొచ్చేసరికి ముగింపు మార్చేసేది. ఆమె కథల్లో ఎవరూ ఉద్యోగం మానలేదు, స్నేహితురాళ్ళు విడిపోలేదు. "ఎంత బాగా తీశాడే" అని బుకింగావిడ కళ్ళొత్తుకునేది.

అలా ఉండగా వంతెనలు కట్టే ఇంజనీరమ్మ సినిమా వచ్చింది. ఆ రోజుల్లోనే బుకింగావిడ కోడలికి పక్క ఊరి సబ్బుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చింది. చంకలో పసిపిల్ల. కొడుకు నసిగాడు. టార్చమ్మ కథలోనేమో ఇంజనీరమ్మ అత్తగారు, పిల్లని నేను చూసుకుంటాను, నువ్వెళ్ళి వంతెన కట్టు అంటుంది. ఆ మాట బుకింగావిడ గుండెలో నాటుకుంది. ఇంటికెళ్ళి కొడుకుతో అదే అంది. పగటి ఆటలు మాని సాయంత్రం ఆటలకే కూర్చునేట్టు యజమానిని ఒప్పించింది.

కోడలు ఉద్యోగంలో చేరే ముందురోజు, ధైర్యంగా ఉంటుందని బుకింగావిడ కోడలినీ పసిపిల్లనీ వెంటబెట్టుకుని, పగటి ఆటకి తనే టిక్కెట్టు కొని హాల్లోకి వచ్చింది. టార్చమ్మ గబగబా అడ్డం వచ్చింది. బొమ్మ బాగోలేదు, ఇంటికి పొమ్మని చెప్పి చూసింది. వినలేదు.

తెరమీద అత్తగారు గోడకున్న ఫొటోలో తప్ప ఎక్కడా లేదు. పిల్లకి జ్వరం వచ్చింది. ఇంజనీరమ్మ వంతెన కాగితాలు పొయ్యిలో పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు.

కోడలు కళ్ళనిండా నీళ్ళతో, "నేను వెళ్ళనత్తయ్యా. రేపు దీనికేమన్నా అయితే?" అంది.

బుకింగావిడ తిన్నగా మేడెక్కి, బొమ్మ వేసే ఆపరేటరు మీద పడింది. తొందరగా ఇంటికి పోవడానికి రీళ్ళు కోసేశాడని ఆవిడ నమ్మకం. అత్తగారున్న ముక్కలు ఏ మూల పారేశావో తెమ్మని నిలదీసింది.

"ఫొటో తప్ప ఇంకో అత్తగారు లేదమ్మా ఇందులో," అన్నాడతను బిత్తరపోయి.

వెనకే వచ్చిన టార్చమ్మ చేతిలో టార్చి పట్టపగలు వెలుగుతూనే ఉంది.

"ఆ అత్తగారిని పెట్టింది నేనే వదినా."

"మరి ఆ డాక్టరమ్మ?"

"మానేసింది."

"విమానం నడిపే పిల్ల?"

"పెళ్ళయింది, దిగిపోయింది."

బుకింగావిడ మెట్టు మీద కూలబడింది. ఇక ఈ జన్మకి వదినా అన్న పిలుపు లేదనుకుంది టార్చమ్మ. బుకింగావిడ మోకాళ్ళు రుద్దుకుని, పిల్లనెత్తుకుని నిలబడ్డ కోడలి వైపు తిరిగింది.

"ఫొటోలో అత్తగారి గొడవ మనకెందుకే. నేను బతికే ఉన్నానుగా. పొద్దున్నే బస్సు, పద."

అని పిల్లని తన చంకలోకి తీసుకుని మెట్లు దిగింది. టార్చమ్మ వైపు కన్నెత్తి చూడలేదు.

మర్నాడు సాయంత్రం ఇంటర్వెల్లో టార్చమ్మ కిటికీ దాకా వెళ్ళడానికి మొహం చెల్లక స్తంభం పక్కనే నిలబడిపోయింది. లోపల్నించి గొంతు వినిపించింది.

"వచ్చే సినిమాలో ఆడదానికి ఏం పనట?"

"లాయరట వదినా."

"మానిపించావంటే ఊరుకోను," అంటూ స్టూలు ఇవతలికి తోసింది బుకింగావిడ.