కింద పడని టేకు ముక్క

మొన్నటి ముసురుకి కొట్లో బల్ల సొరుగు ఉబ్బిపోయి రానని మొరాయించింది. కాలు తన్నిపెట్టి లాగితే ఒక్కసారిగా ఊడి ఒళ్ళో పడింది. దానితోపాటు నూనె తాగి తాగి ముదిరిన టేకు వాసన ముక్కుకి తగిలింది. సొరుగు మూలన పాత బనీను గుడ్డలో చుట్టిన రెండు ముక్కలున్నాయి. కలిపి పట్టుకుంటే గుప్పెట్లో ఇమిడిపోతాయి. అవి చేతిలో ఉండగానే పామర్రు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. "సుబ్బయ్య గారేనా అండీ? అల్లాయ్ వీల్ లాక్ బోల్టులు మీరు ఊడదీస్తారంట కదా. ఫొటో పంపించాను, చూసి తాళం చేయించి పెడతారా?" "ఫొటో నాకెందుకు బాబూ? బోల్టు తల శుభ్రంగా తుడిచి, వేలితో రవ్వంత గ్రీజు రాసి, తెల్ల కాగితం నొక్కి తీసుకురా" అన్నాను. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. నా నోటి నుంచి వచ్చే పనికొచ్చే మాటల్లో సగానికి పైగా భద్రయ్య మావయ్యవి. పనికిరానివన్నీ నా సొంతం.

పెడనలో, బందరు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు మీద నాది టైర్ల కొట్టు. పక్క ఇల్లు ఆయనది. కలంకారీ గుడ్డల మీద రంగు అద్దడానికి టేకు అచ్చులు చెక్కేవారు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. నేను కొట్టు పెట్టిన కొత్తలో "ఏం అల్లుడూ, నీ పంపు చప్పుడుకి నా ఉలి జారుతోంది" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మావయ్య, నేను అల్లుణ్ణి. మనిషి బక్కగా, చొక్కా లేకుండా, చెవి వెనక పెన్సిల్ ముక్కతో ఉండేవారు. గట్టిగా మాట్లాడడం నేను వినలేదు. కాని ఆయన మెల్లగా అన్న మాటలకే ఎక్కువ భయపడేవాణ్ణి.

ముందు ఆ లాక్ బోల్టు కథను నేను టీ కొట్టు దగ్గర చెప్పే పద్ధతిలో చెబుతాను. పదేళ్ళ కిందటి మాట. అల్లాయ్ చక్రాల కారొకటి నా కొట్టు ముందు ఆగిపోయింది. చక్రానికి నాలుగు బోల్టులు, అందులో ఒకటి దొంగల భయానికి పెట్టిన తాళం బోల్టు. దాని తాళం పోయింది. గుడివాడలో చేతులెత్తేశారు, బెజవాడలో చేతులెత్తేశారు. నేను ఒక్క చూపు చూశాను. టేకు ముక్క తీసుకుని అయిదు నిమిషాల్లో నమూనా చెక్కాను. బందరులో దాన్ని ఇనుములోకి దింపించాను. తెచ్చి పెట్టి తిప్పితే బోల్టు వెన్నలో చాకులా వచ్చేసింది. చూస్తున్న వంద మంది చప్పట్లు కొట్టారు. ఇదీ కథ. ఇందులో కారు ఒక్కటే నిజం.

ఆ కారు నాంచారయ్యది. మంగినపూడి పక్క సముద్రం మీద బతికే కుటుంబం. అతని అన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. రెండోవాణ్ణి నీళ్ళ మీదకి పంపనని తల్లి పట్టుబట్టి, పడవా వలలూ అమ్మించి, ఆ పాత కారు కొనిపెట్టింది. కొని పది రోజులయింది. మర్నాడు పొద్దున్నే బందరు నుంచి పెళ్ళికొడుకుని గుడివాడ తీసుకెళ్ళాలి. అదే మొదటి కిరాయి. పెడన దాటుతుంటే రోడ్డు పక్క ఇనుప చువ్వ తగిలి టైరు పక్కగోడ చీలిపోయింది. అక్కడ చీలితే అతుకు నిలవదు, చక్రం ఊడదీసి వేరేది వెయ్యాల్సిందే. మూడు బోల్టులు ఊడాయి. నాలుగోదాని తల నున్నగా గుండ్రంగా ఉంది, ఏ స్పానరుకీ పట్టు దొరకదు. నడిమధ్యలో మాత్రం వంకరటింకర గాడి, ఒక్కో రెక్క ఒక్కో వెడల్పుతో, ఒక రెక్క తెగిన పువ్వులా ఉంది. కారు అమ్మినవాడు దాని తాళం సంగతే చెప్పలేదు.

"బాబాయ్, రేపు నేను వెళ్ళకపోతే ఆళ్ళు ఇంకెప్పుడూ పిలవరు. మా అమ్మకి ఏం చెప్పను? మళ్ళీ ఎవరో ఒకరి పడవెక్కాలి" అన్నాడు నాంచారయ్య. "నేనుండగా నీకు పడవేంట్రా" అన్నాను నేను. అప్పటికి అలాంటి బోల్టుని కళ్ళతో చూడడం అదే మొదటిసారి.

క్యాలెండరు కాగితం వెనక ఆ పువ్వుని చూసి గీశాను. బాగా గీశాను, అది మాత్రం నిజం. మోటారు సైకిలు మీద బందరు వెళ్ళి, రోల్డుగోల్డు నగలకి ఉక్కు అచ్చులు చెక్కే ఆయన చేతిలో పెట్టాను. ఆయన కాగితం అటూ ఇటూ చూసి "తిప్పి చెక్కాలా అండీ?" అని అడిగాడు. "గీసింది గీసినట్టు దించండి. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను" అన్నాను. తెచ్చి పెడితే తాళం బోల్టులో దిగలేదు. సుత్తితో రెండు దెబ్బలు వేశాను. తాళం అంచు పగిలింది, బోల్టు గాడి మీద గీత పడింది. "బందరోళ్ళ పని ఇంతే" అని గట్టిగా అన్నాను, నాంచారయ్యకి వినపడాలని.

వినపడింది పక్కింటికి. భద్రయ్య మావయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చారు. అప్పటికి రెండేళ్ళుగా ఆయన ఉలి ముట్టడం లేదు. ఎడమ కంటికి పొర కమ్మేసింది, కుడి కన్ను దాని దారినే ఉంది. కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. బోల్టు మీద బొటనవేలు తిప్పారు.

"అల్లుడూ, నా ఎదురుగా నిలబడు. కుడి చెయ్యి ఎత్తు."

ఎత్తాను.

"నాకు ఏ పక్కనుంది?"

"మీ ఎడమ పక్కన."

"బోల్టు నీకు ఎదురుగా నిలబడింది. తాళం దానికి ఎదురెళ్ళి కౌగిలించుకోవాలి. గుడ్డ మీద చిలక కుడికి చూడాలంటే అచ్చు మీద ఎడమకి చెక్కుతాం. ఇన్నేళ్ళు గోడ పక్కన కూర్చుని నువ్వు నేర్చుకున్నది ఇదా? పంపు కొట్టడం తప్ప నీకేం పట్టదు కదా!"

నాంచారయ్య కంగారులోనూ నవ్వేశాడు. మావయ్య బోల్టు తల తుడిపించి, గ్రీజు రాయించి, నా చేత కాగితం నొక్కించారు. "చూసి గియ్యకు. దాన్నే గీసుకోనీ" అన్నారు. కాగితం మీద పడిన పువ్వుకి తెగిన రెక్క నేను గీసినదానికి సరిగ్గా రెండో పక్కనుంది. బందరాయన తప్పేమీ లేదు. ఆయన అడిగాడు, నేనే వినిపించుకోలేదు. ఆ మాట అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

తర్వాత మావయ్య పాత అచ్చొకటి కోసి గుప్పెడంత ముక్క తీశారు. ముందు కర్రలో సరిపోతే గాని ఇనుము జోలికి వెళ్ళకూడదన్నది ఆయన పద్ధతి. కాగితం అంటించి, అరుగు మీద ఎండలో కూర్చుని, ఒక చేత్తో ఉలి కదుపుతూ రెండో చేతి బొటనవేలితో లోతు తడుముకుంటూ చెక్కారు. రెండు గంటలు పట్టింది. చెక్కిన ముక్క బోల్టులో పెడితే టక్కున కూర్చుంది. "తిప్పకు. కర్ర కొలతకే. అన్నం తినొస్తాను, బందరు పట్టుకెళ్దువుగాని" అని లోపలికి వెళ్ళారు.

ఇక్కడే నా ఘనకార్యం. అంత బిగువుగా కూర్చున్న ముక్కని చూశాక చెయ్యి ఊరుకోలేదు. ఇనుము దాకా ఎందుకు, ఇప్పుడే ఊడదీసి మావయ్య తిరిగొచ్చేసరికి చక్రం పక్కన పెట్టి చూపిద్దామనుకున్నాను. పైపు రెంచి బిగించి తిప్పాను. "బాబాయ్, వద్దన్నారు కదా" అన్నాడు నాంచారయ్య. ఆ మాట పూర్తయ్యేలోపే ముక్క మెలి తిరిగి రెండయింది.

మావయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. "చెయ్యి జారి కింద పడింది మావయ్యా" అన్నాను. నాంచారయ్య నేల చూపులు చూశాడు. ఆయన రెండు ముక్కలూ తీసుకుని, విరిగిన చోట బొటనవేలు నిదానంగా నడిపారు. తిట్టి ఉంటే బాగుండేది.

"కింద పడ్డ కర్ర మెలి తిరగదు అల్లుడూ" అన్నారు.

అంతే. ముక్కలు నా చేతిలో పెట్టి, నాంచారయ్య వైపు తిరిగి "అబ్బాయ్, పొద్దుందిలే, భయపడకు" అని, ఇంకో ముక్క కోయించుకుని మళ్ళీ కూర్చున్నారు. ఈసారి మంచి కంటి నుంచి కూడా నీరు కారుతూనే ఉంది. తువ్వాలుతో ఒత్తుకోవడం, చెక్కడం, మళ్ళీ ఒత్తుకోవడం. నేను గొడుగు పట్టుకుని నీడగా నిలబడబోతే "వెలుతురుకి అడ్డం తప్పుకో" అన్నారు. నా అబద్ధం వల్ల కాదు, నా తొందర వల్ల ఆయన ఆ కన్నుని రెండోసారి నలుపుకుంటున్నారని తెలుసు. అయినా "నేనే విరిచాను" అనకుండా గొడుగు ముడిచి పక్కన పెట్టాను.

అది పట్టుకుని బందరు వెళ్ళాను. ఉక్కు అచ్చుల ఆయన పొద్దుటి కోపం మీదున్నాడు. టేకు ముక్క చేతిలోకి తీసుకోగానే ముఖం మారిపోయింది. కళ్ళద్దాలు పైకి తోసి "ఎవరండీ దీన్ని చెక్కింది?" అన్నాడు. "నేనే" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నోరు తెరిస్తే అదే వచ్చింది.

దీపాల వేళకి ఉక్కు తాళం బోల్టులో దిగింది. వెన్నలో చాకులా ఏమీ కాదు. నేనూ నాంచారయ్యా ఇద్దరం రాడ్డు మీద వేలాడితే కిర్రుమంటూ వచ్చింది. చూసినవాళ్ళు నలుగురు, అందులో ఒకటి మేక. నాంచారయ్య వెళ్ళి మావయ్య కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మర్నాడు పెళ్ళికొడుకు వేళకే గుడివాడ చేరాడు.

బందరులో నేనన్న "నేనే" మాత్రం ఆగలేదు. అవనిగడ్డ దాకా వెళ్ళింది. దివిసీమ నుంచి కూడా లాక్ బోల్టుల కార్లు నన్ను వెతుక్కుంటూ వచ్చాయి. ఒకరోజు టీ కొట్టు దగ్గర, ఇందాక మీకు చెప్పిన పద్ధతిలోనే, చెక్కింది నేనేనని కథ చెబుతున్నాను. బల్ల చివర మావయ్య కూర్చుని ఉన్నారని సగంలో గాని చూడలేదు. మాట తడబడింది. ఎవరో ఆయన్నే అడిగారు, "నిజమేనా పెద్దాయనా? మన సుబ్బయ్య చెక్కాడా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"మా అల్లుడి చెయ్యి మంచిదేనయ్యా. కాకపోతే మొదటిది కింద పడేసుకున్నాడు" అన్నారు.

అందరూ నవ్వారు. వాళ్ళకి తెలిసింది ఒకటి, మా ఇద్దరికీ తెలిసింది ఒకటి. మర్నాడు ఉలి, కాగితాలు పట్టుకుని ఆయన అరుగెక్కాను. "నిజంగా నేర్పండి మావయ్యా" అన్నాను. "మరి నీకు వచ్చు కదా!" అన్నారు, చాప మీద చోటు చూపిస్తూ. రెండేళ్ళు నేర్పారు. కన్ను పూర్తిగా పోయాక కూడా నేను చెక్కిన ముక్కని వేలితో చూసి ఎక్కడ తప్పానో చెప్పేవారు. ఆయన పోయి ఇప్పటికి నాలుగేళ్ళు. విరిచింది నేనేనని ఆయన ఉండగా నోరు విప్పి చెప్పలేదు. తెలిసిన మనిషికి చెప్పేదేముందని సర్దిచెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. చెప్పడానికి సిగ్గేసింది.

పామర్రు నుంచి ఫోన్ చేసినతను మర్నాడు వచ్చాడు. కాగితం బుద్ధిగా నొక్కి తెచ్చాడు. నేను నమూనా చెక్కి, బోల్టులో కూర్చోబెట్టి, తిప్పకుండా తీశాను. బల్ల మీద ఆరబెట్టిన రెండు ముక్కల్నీ చూసి "ఇవి కూడా మీరు చేసినవేనా అండీ?" అన్నాడు.

"చెక్కింది మా భద్రయ్య మావయ్య" అన్నాను. "విరిచింది నేను."