బావిలోకి దిగిన పడవ ఇంజను

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మా ఆయన పటాలం నుంచి రెండు వస్తువులు తెచ్చుకున్నాడు. ఒకటి పనిముట్ల పెట్టె, రెండోది అక్కడి దొర ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం. పెట్టెలో ఏ పానా ఎక్కడుందో చూడకుండానే తీయగలడు. పుస్తకం మాత్రం అప్పుడప్పుడు తెరిచి, బొమ్మలు చూసి, తుడిచి మళ్లీ పెట్టేవాడు. ఆయనకు చదువు రాదు. సంతకం పెట్టడం కూడా పటాలంలోనే నేర్చుకున్నాడు.

అక్కడ ఆయనను మొదట మోటారు సైకిళ్ల పనిలో వేశారు. తర్వాత బెంగాలు వైపు ఏదో రేవుకు పంపి, పడవ ఇంజన్లు బాగుచేయడం నేర్పారు. నేర్పేవాళ్లు సగం ఉర్దూలో, సగం ఇంగ్లీషులో చెప్పేవాళ్లట. ఈయన మాటల జోలికి పోకుండా, వాళ్ల చేతులు చూసి నేర్చుకున్నాడు.

మార్కాపురంలో స్టేషనుకు పోయే బాట పక్కన బోదగడ్డి కప్పిన కొట్టం వేసుకుని షాపు పెట్టాం. మేముండేది కూడా దాని వెనకే. ఆ తాలూకాలో మోటారు సైకిళ్లు మహా ఉంటే నాలుగైదు, అయినా పనికి లోటు లేదు. బావుల మీదికి ఆయిలింజన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. పని నేర్చుకుంటామని నలుగురు చేరారు. నలుగురూ పెళ్లాం పిల్లలున్నవాళ్లే. వాళ్లలో ఒకతను పలకల గనిలో రాయి కొట్టేవాడు. దుమ్ముకు దగ్గు పట్టుకుంటే, ఇంకేదైనా చేతిపని చూసుకోవాలని వచ్చాడు. తక్కిన ముగ్గురి కంటే వయసులో పెద్ద, మాటలో ముక్కుసూటి.

చిక్కంతా మా ఆయన చెప్పే తీరుతో వచ్చింది.

"ఇది ఇట్ల తిప్పల్ల. అప్పుడు అట్ల అయితాది" అనేవాడు.

"ఎందుకయితాదన్నా?" అని గని మనిషి అడిగేవాడు.

"ఎందుకేంది? అయితాది, అంతే."

నెల తిరిగేసరికి వాళ్లు ఇంజను విప్పగలుగుతున్నారు కానీ, విప్పినదాన్ని ఎందుకు విప్పారో చెప్పలేకపోతున్నారు. ఒకరోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని, "నాకు చేతనైతాది గానీ చెప్పను చేతగాదు టీచరమ్మా. వాళ్లను పంపిచ్చేస్తా" అన్నాడు. ముఖం చిన్నబోయింది.

ఆయన నన్ను టీచరమ్మా అనడానికి కారణముంది. మా నాయన కూలికి పోతూనే నన్ను మిషను బోర్డింగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివించాడు. పెళ్లికి ముందు మా పేటలో పిల్లలకు అక్షరాలు చెప్పేదాన్ని.

"ఆ పుస్తకం ఇట్లియ్యి" అన్నాను.

నా ఇంగ్లీషు బైబిలు కథల వరకే. ఆ పుస్తకంలో సగం మాటలు నాకు కొత్త. నేను ఒక మాట చదివితే ఆయన ఆ సామాను తెచ్చి నా ముందు పెట్టేవాడు. దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తే వాక్యం అర్థమయ్యేది. పిస్టను గురించి మూడు రోజులు కూర్చున్నాం. చివరికి నేను, "ఇది రోకలి, అది రోలు. రోలుకు మూతేసినారు. లోపల మంట రేగి రోకలిని తోస్తాది" అన్నాను. ఆయన తొడమీద చరుచుకుని నవ్వాడు. "అదే! నా కడుపులో ఉండేది అదే!" అన్నాడు.

మర్నాటి నుంచి పలకా బలపం పట్టుకుని కొట్టంలో నేనూ కూర్చున్నాను. గని మనిషి పానా కింద పెట్టేశాడు.

"ఆడమనిషి కాడ మోటారు పని నేర్చుకునేదేందన్నా? మా పేటలో నవ్వుతారు."

"నవ్వనియ్యి" అన్నాడు మా ఆయన. "పని నా కాడ నేర్చుకో. ఎందుకు అని అడగాలంటే ఆమెనడుగు."

అతను పోలేదు కానీ, నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. చాలా రోజులు అట్లాగే కూర్చున్నాడు.

ఎండలు ముదిరాక త్రిపురాంతకం వైపు నుంచి ఒక పెద్దరైతు బండి కట్టుకుని వచ్చాడు. మద్రాసులో పటాలం సామాను వేలం వేస్తుంటే ఒక ఇంజను కొన్నాడట. కపిల కట్టి నీళ్లు తోడే ఎద్దులకు కష్టం తప్పుతుందని, దానికి పంపు తగిలించి బావిలో దింపించాడు. అది మొదలుపెట్టిన కాసేపటికే మంటలా కాగి ఆగిపోతోంది. ఇద్దరు మేస్త్రీలు చూసి చేతులెత్తేశారు.

మా ఆయన పెట్టె, నేను పుస్తకం, వెనక గని మనిషి, ముగ్గురం రైతు బండిలోనే పోయాం. బావి దగ్గరికి వచ్చాక మా ఆయన గట్టు మీదే ఆగిపోయాడు. ఇంజను బావి లోపల, సగం లోతులో రాతి అరుగు మీద ఉంది. మాబోటివాళ్లు ఆ బావి మెట్లు దిగేది లేదు. ఆ మాట ఎవరూ అనక్కరలేదు, అందరికీ తెలుసు. రైతు ఇంజను వైపూ, ఎండుతున్న మిరప తోట వైపూ చూశాడు.

"దిగు నాయనా" అన్నాడు. "ఆయమ్మను గూడా దిగమను. పుస్తకం ఆమె కాడ ఉండాది గదా."

ఇంజన్ని చూడగానే మా ఆయన ముఖం వెలిగిపోయింది. చుట్టాన్ని చూసినట్టు దాని మీద చెయ్యి వేసి నిమిరాడు. "ఇది మా రేవులోది టీచరమ్మా! పడవ ఇంజను!" అన్నాడు. తర్వాత కిరసనాయిలు పోయే దారంతా విప్పి కడిగాడు. ప్లగ్గులో నిప్పురవ్వ పడుతోందా అని చూశాడు, బాగానే ఉంది. నూనె మార్చాడు. హేండిలు తిప్పితే ఇంజను అందుకుంది, నీళ్లు పైకి ఎక్కాయి, కాసేపటికి కాగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఆయన చెమట తుడుచుకుంటూ మెట్టు మీద చతికిలబడ్డాడు.

నేను పుస్తకంలో ఆ ఇంజను బొమ్మ వెతికి, దాని కింద రాసిన మాటలు వేలు పెట్టి చదువుతున్నాను. ఒక బాణం గుర్తు దగ్గర, ఇంజనును చల్లబరిచే సముద్రపు నీరు ఇక్కడ లోపలికి పోతుందని ఉంది.

"ఏమయ్యా, ఈ బెజ్జం ఏదీ?" అని అడిగాను.

ఆయన లేచి చేత్తో తడిమాడు. బెజ్జం ఉండాల్సిన చోట బంకమట్టి పూసి ఉంది.

గట్టు మీదినుంచి రైతు, "అది నేనే మూసినా. ఊరికే నోరు తెరుచుకోనుంటే తేళ్లు దూరతాయని" అన్నాడు.

మా ఆయన తల పట్టుకుని నవ్వాడు. "పడవలో ఉన్నంత కాలం ఆ నీళ్లు అవే పోతాండె. చూసుకునే పనే రాలేదు. ఇక్కడ పాపం దీనికి తాగను నీళ్లెవరు పోసినారు?"

మట్టి తీసి, బెజ్జాన్ని పుల్లతో శుభ్రం చేశాడు. రైతు ఒక పీపా దింపించాడు. ఇంజను కంటే ఎత్తులో దాన్ని నిలబెట్టి నీళ్లు నింపి, అక్కడి నుంచి బెజ్జానికి గొట్టం తగిలించారు. పైకెక్కే నీటిలో కొంత మళ్లీ పీపాలో పడేట్టు ఇంకో గొట్టం కట్టింది మా వెనకే దిగివచ్చిన గని మనిషి. ఈసారి ఇంజను ఆగలేదు. సాలు చివర మిరపచెట్టు దాకా నీళ్లు పోయాయి. ఇంజను లోంచి వేడిగా వచ్చే నీళ్ల కింద రైతు మెట్లు దిగి కాళ్లు పెట్టి, "మోకాళ్లకు హాయిగుండాదమ్మా" అన్నాడు. సాగనంపేటప్పుడు బండిలో ఒక బస్తా కందులు వేయించాడు.

తిరుగుదారిలో గని మనిషి నా వైపు తిరిగి, "అక్కా, ఆ బొమ్మ నా పలక మీద గీసిస్తావా?" అన్నాడు. తర్వాతి ఏడాది అతను గిద్దలూరులో సొంతంగా షాపు పెట్టుకున్నాడు. తక్కిన ముగ్గురిలో ఇద్దరు బస్సుల్లో పనికి చేరారు, ఒకతను సేద్యానికే తిరిగి పోయాడు.

నేను మాత్రం అప్పటికీ పానా పట్టలేదు. చదివి చెప్పేదాన్ని, అంతే. ఒక ఉదయం మిషను డాక్టరమ్మగారి మోటారు సైకిలు వచ్చింది. పోతూ పోతూ దగ్గి ఆగిపోతోందట. మా ఆయన పెట్టె తెరిచి నా ముందు పెట్టాడు.

"విప్పు."

"నేనా? డాక్టరమ్మగారి బండి!"

"నువ్వే. ఊపిరి గొట్టంలో ఏం తట్టుకుందో చూడు."

ఆయన సాయం పట్టకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఒక మరమేకు కింద పడి దొర్లింది, వంగి తీసుకున్నాను. ఆయన ఊపిరి గొట్టం అనే కార్బరేటరు విప్పి, సన్నటి తీగతో లోపలి నలకను బయటికి లాగాను. ఆయన దాన్ని నా అరచేతిలోంచి తీసుకుని, వెలుతురుకు పెట్టి చూశాడు.

"బిగించు ఇంక" అన్నాడు. "కిక్కు నేను కొడతాలే. నీ చీర చిక్కుకుంటాది."