కుప్పం పాల లెక్కలు ఫైర్‌వాల్ దాటిన రోజు

ఆ రోజుల్లో మదనపల్లెను, పుంగనూరును, కుప్పాన్ని ఒక్క తీగ మీదికి తెచ్చినవాణ్ణి నేనే. అదీ ఒంటిచేత్తో, ఒక్క పూటలో. (పూట కాదులెండి, వారం పట్టింది. పుంగనూరు తర్వాతెప్పుడో చేరింది. ఒంటిచేతి సంగతి కూడా చెబుతాను.) అప్పటికి నాకు నలభై దాటినా, కంప్యూటర్ల విద్యలో ఇంకా నిక్కరు తొడిగే వయసే.

మాది మదనపల్లెలో ఒక పాల డెయిరీ. పాలు చల్లబరిచే కుప్పం చిల్లింగ్ సెంటరు నుంచి వెన్న శాతాల లెక్కలు మర్నాటికి గాని మాకు చేరేవి కావు. మా యజమాని పెద్దాయన ఒకనాడు తేల్చి చెప్పాడు: "శనివారం సాయంత్రానికి కుప్పం లెక్కలు ఈడ కంప్యూటర్లో కనపడల్ల. లేకుంటే ఆ సెంటరు మూసి పుంగనూరులో కలిపేస్తా." ఆ సెంటరు చూసుకునేది ఒక చెల్లెమ్మ. భర్త పోయాక ఆ పని మీదే ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. ఫోన్ చేసి ఒక్క మాటే అడిగింది: "న్నా, బిడ్డల్ని ఇస్కూలు మాన్పించి యాడికి పోవల్ల?"

ఇంటర్నెట్ మీదుగా మనవాళ్ళకు మాత్రమే దారి పరిచేది వీపీఎన్. మా సర్వర్ లోపలి గదిలో ఉండేది, దాని ముందు వాకిలి కాసేది ఫైర్‌వాల్ అనే డబ్బా. అందులో ఎవరిని రానివ్వాలో చెప్పే ఒక రూల్ రాసి, నా కుర్చీలోంచే కలిపి చూశాను. కలిసింది! డబ్బాకు కుంకుమబొట్టు పెట్టి, ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచాను. (నా కుర్చీ ఆ వాకిలికి లోపలే ఉందనీ, లోపలివాడు లోపలికి రావడం పెద్ద విద్య కాదనీ తట్టలేదు.)

శనివారం చెల్లెమ్మ ఫోన్. "పాస్‌వర్డు సరిసూస్తాండాము అని ఆడే నిలబడిపోయిండాది న్నా."

"ఇంకాసేపు ఉండమ్మా."

"పొద్దన్నుంచీ ఉండా. అందరికీ మైసూర్‌పాక్ పెట్టినావంట గదా, దేనికి?"

అప్పుడు వెలిగింది. మా డెయిరీ గేటులో డ్రైవర్‌కు ఒక చీటీ, ట్యాంకర్‌కు వేరే చీటీ. రెండోది లేకుంటే డ్రైవర్ లోపల టీ తాగుతుంటాడు, పాలు బయట ఎండలో ఉంటాయి. మా వీపీఎన్‌దీ అదే తీరు. పలకరింపు ఒక దారిన వస్తే, సరుకు జీఆర్‌ఈ అనే వేరే బండిలో వస్తుంది. నేను పలకరింపునే రానిచ్చాను. వెంటనే రెండో రూల్ రాశాను. పొద్దు వాలేలోపు కుప్పం లెక్కలు తెర మీద వరుసగా దిగాయి. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, "సరే, సెంటరు ఉండనీ" అన్నాడు. (నిజానికి వెలిగింది నాకు కాదు, డబ్బా అమ్మిన బెంగళూరు ఇంజనీరుకు. ఆయన ఫోన్లో చెబితే నేను రాశాను.)

మొన్న కుప్పం వెళ్ళినప్పుడు, ఉద్యోగాల్లో కుదురుకున్న ఆమె పిల్లల ముందు ఈ కథ చెప్పి, ఆనాటి నన్ను తలచుకుని కాస్త గర్వంగా నవ్వుకున్నాను. చెల్లెమ్మ మాత్రం నవ్వలేదు.

"సాల్లే న్నా. ఆ పొద్దు నువ్వు రూలూ రాయలా, ఏమీ రాయలా. బెంగుళూరాయప్ప ఫోన్ చేసింది సోమారం. నువ్వు ఆ డబ్బా పీకి పక్కన పెట్టి, వైరు నేరుగా సర్వర్‌కి గుచ్చితివి. తెల్లారేసరికి వైరస్సు పట్టి అందరి లెక్కలూ పోతే, మదనపల్లెకొచ్చి కూసోని అన్నీ మళ్లా టైపు కొట్టింది నేను."