పత్తి మందు, వదిన పీహెచ్‌డీ

మొన్న మా అమ్మాయి లైబ్రరీ సైన్సులో పీహెచ్‌డీ చేస్తానంటే మా ఆవిడ పకపకా నవ్వింది. "పుస్తకాలు సర్దడానికి డాక్టరేటెందుకే?" అంది. నాకు నవ్వు రాలేదు. మా వదిన గుర్తొచ్చింది.

వదినంటే మా మేనత్త కూతురు. చిలకలూరిపేటలో ఓ కాలేజీ లైబ్రేరియన్. పీహెచ్‌డీ ఎందుకని అడిగితే, "ఎందుకేమిటయ్యా, లెక్చరర్లతో సమానంగా జీతమిస్తారు, నన్ను బీరువా తాళాలమ్మాయి అనడం మానేస్తారు" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేది. ఎంచుకున్న విషయం మాత్రం విచిత్రమైనది: పత్తి రైతుకు కావలసిన సమాచారం ఎక్కణ్ణుంచి అందుతుంది? అది తొంభైల చివర. పచ్చపురుగు ఏ మందుకూ చావని కాలం. ఏ ఊళ్ళో బస్సు దిగినా పురుగుమందు వాసన గొంతు పట్టేసేది. వదిన ఎవర్ని అడిగినా ఒకటే మాట: "పురుగు పట్టిన కొమ్మ తుంచుకెళ్ళి మందుల కొట్టాయనకు చూపిస్తాం. ఆయన ఏ డబ్బా ఇస్తే అదే కొడతాం." దాంతో వాళ్ళ ఊరి కొట్టాయన దగ్గరికీ వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఆయన చెప్పిందల్లా శ్రద్ధగా రాసుకుంది. పరిశోధనలో అదీ ఒక పద్ధతేనట. వారం తిరక్కుండా ఊరంతా పాకిపోయింది, డాక్టరు చదువు చదివే పిల్లే ఆయన్ని అడిగి రాసుకుపోయిందని. కొట్టు ముందు జనం పెరిగారు.

ఓ ఉదయం మామయ్య, అంటే వదిన వాళ్ళ నాన్న, చొక్కా జేబులో కొమ్మ పెట్టుకుని బయల్దేరాడు. వదిన గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నాన్నా, ఆయన మూడు మందులు కలిపి కొట్టమంటున్నాడు. అది మనిషి ప్రాణం మీదికే వస్తుందని వ్యవసాయాధికారి చెప్పాడు. వెళ్ళొద్దు."

"ఓసి పిచ్చిదానా! నువ్వే ఆయన్ని అడిగి రాసుకున్నావుగా. ఇంక నేనెవర్ని అడగాలే?"

వదినను పక్కకు జరిపి కొట్టుకెళ్ళాడు. మామయ్య ఎదురుగాలిలో ఆ మందు కొట్టాడు. సాయంత్రానికి నురగలు కక్కుతున్న మనిషిని ట్రాక్టర్లో వేసుకుని బయల్దేరాం. గుంటూరు చేరకుండానే అయిపోయింది. అయ్యో, ఆ దారంతా వదిన ఏడవను కూడా లేదు.

చదువు మానేస్తుందనుకున్నాం. మానలేదు. చివర్లో పరీక్షించిన పెద్దలు ఈ విషయమే ఎందుకు తీసుకున్నావమ్మా అని అడిగారట. "జీతం కోసం మొదలుపెట్టానండి. ఇప్పుడు మాత్రం, మా నాన్న నా మాట కాదని కొట్టాయన మాటే ఎందుకు నమ్మాడో తెలుసుకోవాలండి" అందట.

డాక్టరేటు చేతికొచ్చేసరికి కొట్టు ముందు ఇంకా జనం ఉన్నారు. చదువుకు ఏళ్ళు పడుతుంది. పురుగుమందుకు ఒక్క పూట చాలు.