బెరడుతో వచ్చిన మొద్దులు

మొన్న ఉదయగిరి నుంచి తమ్ముడు ఫోన్ చేసి, మా ఇంట్లో తరతరాలుగా గరిటెలు చెక్కుతున్న నర్ది చెట్లు దుర్గం కొండ మీద కొనల నుంచి ఎండిపోతున్నాయనీ, బెరడు లేపితే లోపలంతా తెల్లటి పురుగులేననీ, ఇది ఈ ప్రాంతపు పురుగు కాదని అటవీ శాఖ వాళ్లు చెప్పారనీ అన్నప్పుడు, ఆత్మకూరులో పంతులమ్మగా పనిచేసి రిటైరై కూర్చున్న నాకు ముందుగా గుర్తొచ్చింది మా నాయన చెవి.

నా ఈడు వాళ్లకు తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో మా వీధిలో బెరడున్న మొద్దును ఎవరూ గడప దాటనిచ్చేవారు కాదు. నాయన కొండ దిగువనే కూర్చుని, బాడిసె పిడితో మొద్దును తట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపల కరకరమని నమిలే చప్పుడు ఏ కాస్త వినిపించినా, ఎంత మేలైన చెక్కైనా సరే, అక్కడే బూడిద చేసి గానీ ఇల్లు చేరేవాడు కాదు. నాకు దువ్వెన చెక్కి ఇస్తానని నెలల తరబడి ఊరించి, తీరా చక్కటి మొద్దు దొరికాక దాన్నీ అలాగే కాల్చేశాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. మీ నాయనకు కూతురి జడకన్నా కొండే ఎక్కువని అవ్వ ఆటపట్టిస్తే, అది నిజమేననిపించి ఇంకా ఏడుపొచ్చేది.

కొండ మీద కలప కరువై, తమ్ముడు నిరుడు ఎక్కడో దూరం నుంచి లారీడు మొద్దులు తెప్పించి, ఎండకు పగలకుండా ఉంటాయని బెరడుతోనే పెరట్లో పేర్చాడట. కోత మిషను మోతలో చెవి పెట్టి వినేదెవరు? తర్వాత చిల్లులు కనిపించినా, ఇంటిల్లిపాదికీ ఏడాది పని కదా, కాల్చడానికి చేతులు రాక ఊరుకున్నాడు.

"ఇది కాలిస్తే పిల్లోళ్లకు పనే ఉండదక్కా, ఏం చేసేది?" అన్నాడు.

ఒక్క దువ్వెన కోసం నాయనను తిట్టుకున్న దాన్ని, "కాల్చెయ్‌రా, ఒక్క చెక్క కూడా మిగల్చబాక," అని నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

తమ్ముడు కాల్చాడు. మర్నాడు బస్సెక్కి వెళ్లి, వాడితో కలిసి కొండ వైపు నడిచాను. కొట్టేయవలసిన చెట్లకు అప్పటికే సున్నంతో గుర్తులు పెట్టి ఉన్నాయి. ఒకటి దాటితే ఇంకొకటి, కొంత దూరం పోయాక చూడలేక తల దించుకున్నాను.

"చిల్లులు చూసినప్పుడే కాల్చుంటే పురుగు కొండ దాకా ఎక్కేది కాదు గదక్కా," అన్నాడు తమ్ముడు. కాదని అబద్ధమాడి వాణ్ని ఓదార్చడం నాకు చేతకాలేదు.

అటవీ శాఖ ఆఫీసరు చెప్పిన ఆ పురుగు పేరు వాడికి నోరు తిరగలేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకూ తిరగలేదు. కొండ మీది ప్రతి పురుగుకూ ఒకప్పుడు మా ఇంట్లో ఒక పేరుండేది. దీనికి మనం పేరు పెట్టుకునే లోపే ఆ చెట్లు పోయేటట్టున్నాయి.